అటకెక్కిన రైలుబండి
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పిల్లలకు వేసవి సెలవులిచ్చారంటే అటకమీది సామానంతా కిందికి దిగుతుంది. కారమ్స్ బోర్డు దిగుతుంది, వైకుంఠపాళీ దిగుతుంది. కొన్ని ఇళ్లల్లో వాటితోపాటు ఓ పెద్ద అట్టపెట్టె కూడా దిగుతుంది. అందులో ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చిన కరెంటు రైలుంటుంది. ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, పైన తిప్పే బొత్తాం ఉన్న ఒక చిన్న డబ్బా. పిల్లలు పట్టాలన్నీ హాల్లో పరిచి, డబ్బా తీగని ప్లగ్గులో పెట్టి, బొత్తాం తిప్పుతారు. రైలు కదలదు. ఓ గంటసేపు నువ్వంటే నువ్వని పోట్లాడుకుని, "అమ్మా, ఇది చెడిపోయింది" అని తీర్పు చెప్పి టీవీ ముందుకు వెళ్లిపోతారు. పెట్టె మళ్లీ అటకెక్కుతుంది.

చాలాసార్లు చెడిపోయింది రైలు కాదండీ, ఆ చిన్న డబ్బా. దాన్ని కంట్రోలరంటారు. ఆ డబ్బా అయినా పూర్తిగా చెడిపోదు. లోపల గోరంత ముక్క ఏదో ఒకటి పోతుంది. దాని ఖరీదు కాఫీపొడి పొట్లం ఖరీదు కూడా ఉండదు. ఆ ముక్క ఏదో కనిపెట్టి మార్చుకోవటం మనం ఇంట్లో కూర్చుని చేసుకోగల పనే. కాకపోతే ఎక్కడ చెయ్యి పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో ముందు తెలియాలి. రెండోది ప్రాణాలతో పని గనక దాన్ని కాస్త వివరంగా చెబుతాను.

ఈ బొమ్మరైళ్లు పుట్టింది మన దేశంలో కాదు. జర్మనీలో మార్క్‌లిన్ కంపెనీవారు 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా రైలుబొమ్మలు పెట్టి, పట్టాల వెడల్పుకు ఒక కొలత ఏర్పరిచారు. ఇంగ్లండులో, లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇస్తే నడిచే రైలు తెచ్చాడు. మెకానో అని ఇనుప బద్దీలూ మరమేకులతో బొమ్మలు కట్టే పెట్టె ఉంటుందే, అది కనిపెట్టింది కూడా ఆయనే. 1925లో ఆయన కంపెనీ కరెంటు రైలు అమ్మింది. అందులో ఒక రకం ఇంటి కరెంటుతోనే, మధ్యలో ఒక బల్బు అడ్డం పెట్టుకుని నడిచేదంటే మీరు నమ్మరు! పిల్లలు చేత్తో ముట్టుకునే పట్టాలమీద గోడ కరెంటు! ఆ పద్ధతి ఎక్కువ కాలం సాగలేదు. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైలు 12 వోల్టులతో నడిచేది. మామూలు రకం బొమ్మరైళ్లు నేటికీ ఆ 12 వోల్టుల మీదే నడుస్తున్నాయి.

మన ఇళ్లకు ఇవి చుట్టరికాల వెంట వచ్చాయి. 1960ల్లో, 70ల్లో మన డాక్టర్లు ఎంతోమంది ఇంగ్లండు వెళ్లారు. తరువాత అమెరికా ప్రయాణాలు ఎక్కువయ్యాయి. వచ్చేటప్పుడు పిల్లలకి రైలు తేవటం ఒక ముచ్చట. పూనా వెళ్లినవాళ్లు వీలైతే అక్కడ 1998లో తెరిచిన జోషీగారి చిన్నరైళ్ల మ్యూజియం చూసి రండి. పిల్లల సంగతి సరే, పెద్దవాళ్లే అక్కడినుంచి కదలరు.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంటుంది? గోడలో ఉన్నది 230 వోల్టులు, పట్టాలకి కావలసింది 12. ఈ తగ్గించే పని ట్రాన్స్‌ఫార్మరు చేస్తుంది. ఒకే ఇనుప దిమ్మ మీద రెండు తీగచుట్టలుంటాయి. గోడ కరెంటు ఒక చుట్టలోకి వస్తుంది, రెండో చుట్టలోంచి తక్కువ వోల్టుల కరెంటు బయటికి పోతుంది. తమాషా ఏమిటంటే ఆ రెండు చుట్టలూ ఒకదానికొకటి తగలవు. మా అమ్మమ్మ మడి కట్టుకుని అదే వంటింట్లో తిరుగుతూ ఎవర్నీ తగలకుండా పని చక్కబెట్టేది చూడండి, అలాగన్నమాట. ఈ తగలకపోవటమే పిల్లవాణ్ణి కాపాడుతున్నది.

గోడ కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. రైలుకి ఒకే వైపు పోయే కరెంటు కావాలి. అందుకని డయోడులని నాలుగు చిన్న ముక్కలుంటాయి. డయోడు ఒక వైపే తెరుచుకునే తలుపులాంటిది. ఆ తరువాత వేగం తగ్గించి పెంచే బొత్తాం. దాని తరువాత బండి వెనక్కి నడిపే స్విచ్చి. ఇది చేసేదల్లా పట్టాలకి పోయే రెండు తీగల్నీ తారుమారు చెయ్యటమే.

పాతరకం కంట్రోలర్లలో బొత్తాం కింద తీగచుట్ట ఉంటుంది. మన పాతకాలపు ఫాను రెగ్యులేటర్లు, టకటకమని తిరిగే పెద్ద డబ్బాలు, వాటిలోనూ ఉన్నది ఇదే. కొత్తరకాలలో చుట్టకి బదులు ట్రాన్సిస్టరు పనిచేస్తుంది.

ఈ పోలిక చెప్పాను గనక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే కుర్రాడొకడున్నాడు, మహా చురుకైనవాడు. కంట్రోలరు చెడిపోతే, "ఫాను వేగం తగ్గించేదీ ఇదే, రైలు వేగం తగ్గించేదీ ఇదే" అని తర్కం చేసి, పాత ఫాను రెగ్యులేటరు తీగలు తెచ్చి రైలు పట్టాలకి బిగించాడు. ప్లగ్గులో పెట్టబోతుండగా వాళ్లమ్మ బట్టలు మడత పెడుతూ ఇటు చూసింది. "ఒరేయ్, ఆగు!" అని అరిచి, ముందు స్విచ్చి కట్టేసి, తరువాత వాణ్ణి పక్కకి లాగింది. ఆవిడకి కరెంటు పాఠాలేమీ రావు. గోడలోంచి వచ్చిన తీగ పట్టాలమీదికి సూటిగా పోతున్నదని మాత్రం కంటితో చూసింది. ఫాను రెగ్యులేటరులో తగలని చుట్టలు లేవు. బొత్తాం ఎంత తక్కువలో పెట్టినా పట్టాలమీద ఉండేది గోడ కరెంటే. ఆ పక్కనే రెండేళ్ల చెల్లెలు పాకుతున్నది. కనుక ఫాను రెగ్యులేటరు గాని, దీపాల డిమ్మరు గాని బొమ్మరైలు దరిదాపులకి కూడా రానివ్వకండి.

ఇప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టవచ్చో చూద్దాం. ఈ మధ్యకాలపు రైళ్లలో గోడకి గుచ్చే నల్ల అడాప్టరు వేరుగా ఉంటుంది, బొత్తాం డబ్బా వేరుగా ఉంటుంది. అప్పుడు ఆ అడాప్టరుని మాత్రం ఎన్నడూ విప్పకండి. చాలా అడాప్టర్లలో ఒక కెపాసిటరు 300 వోల్టులకు పైగా కరెంటు దాచుకుని కూర్చుంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు దాని కోపం చల్లారదు. అడాప్టరు పోతే మరొకటి కొనుక్కోవటమే. బొత్తాం డబ్బాలోకి వచ్చేది మాత్రం తక్కువ వోల్టులే. ప్లగ్గు తీసి, దాన్ని నిర్భయంగా విప్పుకోవచ్చు.

పాతరకం బరువైన డబ్బాలుంటాయి. వాటిలో గోడ తీగ తిన్నగా డబ్బాలోకే పోతుంది, ట్రాన్స్‌ఫార్మరూ బొత్తామూ అన్నీ ఒకే చోట ఉంటాయి. వాటిలో గోడ కరెంటు వైపు పని ఎలక్ట్రీషియనుకి వదిలెయ్యండి. ముఖ్యంగా తీగమీది రబ్బరు పెళుసుబారి ఊడుతుంటే, అది మార్పించకుండా డబ్బాని ప్లగ్గులో పెట్టనేకూడదు.

విప్పేముందు అసలు తప్పు డబ్బాదేనా అని తేల్చుకోవాలి. పట్టాలమీద చూడండి. రైలు పట్టా తప్పి అడ్డంగా పడినా, జడపిన్ను ఒకటి రెండు పట్టాలకీ అడ్డంగా ఉన్నా షార్టు అవుతుంది. అప్పుడు కంట్రోలరులో ఉన్న కటౌటు కరెంటుని ఆపేస్తుంది. చాలా పాత కంట్రోలర్లలో ఇది వేడికి వంగే లోహపు రేకు. మన ఇస్త్రీపెట్టె వేడెక్కగానే దానంతటదే ఆగిపోతుందే, ఆ రేకులాంటిదే. అడ్డు తీసేసి, ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఊరుకుంటే చల్లారి మళ్లీ పనిచేస్తుంది. ఆడపిల్లలున్న ఇళ్లల్లో సగం రిపేర్లు ఈ జడపిన్నుతోనే తీరిపోతాయని నా నమ్మకం.

తరువాత స్కూటర్ ఇండికేటరుకి వేసే 12 వోల్టుల బల్బు ఒకటి తెచ్చుకోండి, 10 వాట్లది. పట్టాలకి పోయే రెండు తీగల్నీ విప్పి ఆ బల్బుకి తగిలించి, మెల్లగా బొత్తాం తిప్పండి. ఈ ఒక్క బల్బు సగం వైద్యుడు. బొత్తాంతోపాటు వెలుగు నెమ్మదిగా పెరిగిందా, మీ కంట్రోలరు నిక్షేపంలా ఉంది. పట్టాలు మకిలి పట్టి ఉంటాయి. మొబైల్ రిపేరువాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డకి అద్ది తుడవండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, గీతలు పడి వాటిలో మళ్లీ మురికి చేరుతుంది.

బల్బు వెలుగుతూ ఆరుతూ, బొత్తాం తిప్పినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నదా? బొత్తాం కింద దుమ్ము చేరింది. రేడియో వాల్యూం తిప్పితే గరగరమంటుంది చూడండి, అదే జబ్బు. ప్లగ్గు తీసి, కాంటాక్ట్ క్లీనరని స్ప్రే డబ్బా దొరుకుతుంది, దాన్ని లోపలికి కొట్టి, బొత్తాం ఓ ఇరవైసార్లు ఇటూ అటూ తిప్పి, ఆరనిచ్చి మళ్లీ చూడండి. కుట్టుమిషను అలవాటుకొద్దీ నూనె చుక్క వేస్తారేమో, అది మాత్రం వద్దు. దుమ్ము నూనెకి అంటుకుని మరీ గట్టిపడుతుంది.

స్విచ్చి వెయ్యగానే బొత్తాంతో నిమిత్తం లేకుండా బల్బు భగ్గుమని వెలిగితే ట్రాన్సిస్టరు షార్టయింది. ఇలాంటి కంట్రోలరుకే రైలుని తగిలిస్తే, అది ఒక్కసారిగా దూసుకుపోయి మలుపులో బోర్లా పడుతుంది. పిల్లలు "ఇంజను పిచ్చెక్కింది" అంటారు. పాత కంట్రోలర్లలో 2ఎన్ 3055 అనే ట్రాన్సిస్టరు ఎక్కువగా వాడేవారు. గుండ్రటి లోహపు టోపీలా, అల్యూమినియం రేకుకి బిగించి ఉంటుంది. నంబరు కాగితం మీద రాసుకుని, అదే నంబరుది తెచ్చుకోవాలి. దానికీ రేకుకీ మధ్య పల్చటి అభ్రకం బిళ్ల ఉంటే దాన్ని పారెయ్యకండి. అది లేకుండా బిగిస్తే కరెంటు రేకులోకి పారుతుంది.

బొత్తాం పూర్తిగా తిప్పినా బల్బు నీరసంగానే వెలుగుతున్నదా? నాలుగు డయోడులలో ఒకటి తెగిపోయి ఉండవచ్చు. అసలు వెలగకుండా, డబ్బా గుర్రుమంటూ కాలుతుంటే డయోడు షార్టయి ఉండవచ్చు. అప్పుడు వెంటనే ప్లగ్గు తియ్యండి.

డయోడుని పరీక్షించటానికి మల్టీమీటరు కావాలి. మామూలు రకం కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఇంట్లో బాటరీ సెల్లు చచ్చిందా బతికుందా చూసుకోవటానికి కూడా పనికొస్తుంది గనక వృథా ఖర్చు కాదు. డయోడు మిరియపు గింజకి కాస్త పెద్దగా, నల్లగా, ఒక చివర తెల్ల గీతతో ఉంటుంది. ప్లగ్గు తీసి, డయోడు రెండు కాళ్లలో ఒకటి ఊడదీసి, మీటరుని డయోడు గుర్తు దగ్గర పెట్టి, గీత వైపు నల్ల తీగ, రెండో వైపు ఎర్ర తీగ ఆనించండి. మంచి డయోడైతే 500కీ 700కీ మధ్య అంకె వస్తుంది. తీగలు తారుమారు చేస్తే ఏమీ రాకూడదు. రెండువైపులా సున్నాకి దగ్గరగా వచ్చినా, రెండువైపులా ఏమీ రాకపోయినా దాని రోజులు తీరాయి. మామూలు కంట్రోలర్లకి 1ఎన్ 4007 సరిపోతుంది, అది ఒక ఆంపియరుది. మాటిమాటికీ షార్టు చేసే పిల్లలున్నచోట 1ఎన్ 5408 వేసుకోవటం నయం, అది మూడు ఆంపియర్లు మోస్తుంది. తెల్ల గీత పాతదానికి ఏ వైపుంటే కొత్తదానికీ ఆ వైపే ఉండాలి. విప్పేముందే బొమ్మ గీసుకోండి. ఫోను ఉన్నవాళ్లు ఫొటో తీసుకోండి, మరీ మంచిది.

మా ఆడపడుచుగారి భర్త 1970ల్లో బర్మింగ్‌హాంలో డాక్టరు. వాళ్లు వస్తూ వస్తూ మా పెద్దవాడికి తెచ్చిన రైలు ఇప్పుడు మా మనవడు ఆడుకుంటున్నాడు. ఆ కంట్రోలరు చాలా పాతది. ఓ సెలవుల్లో ఆగిపోతే, ఊళ్లో ఒక పెద్ద బొమ్మల దుకాణానికి తీసుకెళ్లాం. అక్కడి అబ్బాయి దాన్ని విప్పనైనా విప్పకుండా, "పారెయ్యండి ఆంటీ, కొత్త సెట్టు వేలల్లో ఉంది, చూపించమంటారా?" అన్నాడు. మా వారు పర్సు తీయబోయారు. నేను డబ్బా సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. మా అన్నయ్యకి చిన్నప్పుడు రేడియో రిపేరు పిచ్చి. ఆ పక్కన కూర్చుని టంకం వెయ్యటం నేర్చుకున్న చేతులివి. మగవాళ్లు స్క్రూడ్రైవరు పట్టుకుంటే రిపేరంటారు, మనం పట్టుకుంటే ఎందుకొచ్చిన గొడవంటారు!

ముందు ఎలక్ట్రీషియను చేత గోడ తీగ, ప్లగ్గు మార్పించి, ట్రాన్స్‌ఫార్మరు బాగుందనిపించుకున్నాను. అప్పుడు మిగతాది చూశాను. అందులో డయోడులకి బదులు చదరపు రేకులు వరసగా పేర్చి ఉన్నాయి. దాన్ని సెలీనియం రెక్టిఫయరంటారు, డయోడులు చవక కాకముందు అదే వాడేవారు. వయసు మీరితే అది బలహీనపడుతుంది. కాలిందా, కుళ్లిన ముల్లంగిలాంటి దుర్వాసన వస్తుంది. ఆ పొగ విషం. అలాంటి వాసన వస్తే స్విచ్చి కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, పిల్లల్ని తీసుకుని ఆ గదిలోంచి బయటికి వచ్చెయ్యండి. మాది కాలలేదు, నీరసించింది అంతే. దానికి బదులు నాలుగు డయోడులూ ఒకే ముక్కలో ఉండే బ్రిడ్జి రెక్టిఫయరు కోఠీ గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చి, నాలుగు టంకాలు వేశాను. కొత్తది పాత రేకులంత వోల్టేజీ మింగదు గనక రైలు మునుపటికంటే జోరుగా పోతుంది. మా మనవడికి బొత్తాం చివరిదాకా తిప్పవద్దని చెప్పవలసివచ్చింది.

టంకం గురించి రెండు మాటలు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. మామూలు టంకం తీగలో సీసం కలిసి ఉంటుంది. కనుక వంటగట్టు మీద ఈ పని పెట్టుకోకండి. కిటికీ పక్కన కూర్చోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే కాఫీ కప్పు ముట్టుకోకండి. గర్భిణులు, పసిపిల్లలు ఆ దగ్గర ఉండకపోవటం మంచిది. ముందు అతుకుని వేడి చేసి, ఆ వేడికి టంకం కరగాలి. టంకాన్ని ఐరన్ మీద కరిగించి అతుకుమీద పులిమితే పైకి అతికినట్లుంటుంది, లోపల అతకదు. రిపేరువాళ్లు దాన్ని డ్రై సోల్డరంటారు. చూడటానికి మసకగా, చుట్టూ సన్నటి పగులుతో ఉంటుంది. పాత కంట్రోలర్లలో ఏ ముక్కా పోకుండా ఈ అతుకు ఒక్కటే వదిలి రైలు ఆగిపోవటం కూడా మామూలే. మళ్లీ ఒకసారి వేడి చేసి కొత్త టంకం చుక్క వేస్తే సరి.

లోపల చిన్న డబ్బాలాంటి కెపాసిటరు తల ఉబ్బి కనిపిస్తే అదీ మార్చదగినదే. దానిమీద రాసిన వోల్టులు అంతే ఉండాలి, ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ పనికిరాదు. పక్కన మైనస్ గీత ఉంటుంది. అది తలకిందులైతే పగులుతుంది, మొహం దగ్గర పెట్టుకుని ఉంటే కళ్లకే ప్రమాదం.

ఇక అమెరికా నుంచి వచ్చిన రైళ్లున్నాయి. అక్కడ గోడ కరెంటు 120 వోల్టులు. ఇక్కడ పిన్నులు మార్చే చిన్న ప్లగ్గు ముక్క కొని తగిలిస్తే పిన్ను మారుతుంది గాని వోల్టులు మారవు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. అడాప్టరు వెనక అక్షరాలు చదవండి. "100-240" అని ఉంటే మన దగ్గర తిన్నగా పెట్టుకోవచ్చు. ఒక్క "120" మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి, లేదా దాని అవుట్‌పుట్‌కి సరిపోయే అడాప్టరు ఇక్కడే కొనుక్కోవచ్చు. అవుట్‌పుట్ దగ్గర అలలాంటి గుర్తుంటే ఏ.సి., తిన్నటి గీత ఉంటే డి.సి. ఆ గుర్తూ, వోల్టులూ పాతదానితో కలవాలి. ఆంపియర్లు తగ్గకూడదు. చెల్లెలో మరదలో వచ్చేముందే ఫోనులో చెప్పి చదివించుకుంటే మరీ మేలు.

మార్క్‌లిన్ వారి మామూలు రైళ్లు ఏ.సి. మీద నడుస్తాయి. ఆ ఏ.సి. కరెంటు డి.సి. ఇంజనుకి ఇస్తే దాని మోటారు చెడుతుంది, రెండూ కలపకండి. ఈ మధ్య డి.సి.సి. అని రాసిన డిజిటల్ రకాలు వస్తున్నాయి. వాటి ఇంజనులోనే చిప్పు ఉంటుంది, పట్టాలమీద కరెంటు వేరే తీరున పోతుంది. నేను చెప్పిన బల్బు వైద్యం వాటికి చెల్లదు. వాటిని పాత కంట్రోలరుతో ఒకే పట్టాలకి తగిలించవద్దని మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పండి, రెండూ పోతాయి.

హైదరాబాదువాళ్లకి గుజరాతీ గల్లీ ఉంది, చెన్నైలో ఉన్నవాళ్లకి రిచీ స్ట్రీటు ఉంది. పాత ముక్కని పర్సులో వేసుకెళ్లి చూపిస్తే, పేరు తెలియకపోయినా కొట్టువాడు సరైనది తీసి ఇస్తాడు. నాలుగు డయోడులడిగితే పది కొనుక్కోండి, మిగిలినవి బొత్తాముల సీసాలో పడేసి ఉంచితే వచ్చే వేసవికి పనికొస్తాయి. సెలవు.